లేచేదాకా ఆగినవాళ్లు

నాకు మూర్ఛవ్యాధి ఉంది. ఇంట్లో అందరం దాన్ని ఫిట్స్ అంటాం. మన మెదడు చిన్న చిన్న కరెంటు సంకేతాలతో పనిచేస్తుంది. అవి ఒక్కసారిగా గందరగోళమైతే ఫిట్స్ వస్తాయి. ఇది అంటుకునే జబ్బు కాదు. నేను రోజూ రెండు పూటలా మాత్ర వేసుకుంటాను.

"బయట ఎవరికీ చెప్పకండి" అని అమ్మమ్మ ఫోన్లో అమ్మతో అనేది. ఆ మాట వింటే నాకు బాధగా ఉండేది.

స్కూల్లో మనం హారియెట్ టబ్‌మన్ గురించి చదువుతాం కదా! ఆమె సుమారు 1822లో మేరీల్యాండ్‌లో బానిసగా పుట్టింది. చిన్నప్పుడు ఒక కొట్టు దగ్గర, పారిపోతున్న ఇంకో బానిస మీదికి ఓవర్‌సీయర్ 2 పౌండ్ల తూకంరాయి విసిరాడు. అది వచ్చి ఈమె తలకి తగిలింది. అప్పటినుంచి జీవితమంతా, మాట్లాడుతూ మాట్లాడుతూనే ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయేది. అది మూర్ఛవ్యాధే అయ్యుంటుందని ఇప్పుడు చాలామంది చరిత్రకారులు అంటారు.

1849లో ఆమె ఫిలడెల్ఫియాకి తప్పించుకుంది. తర్వాత సుమారు 13 సార్లు వెనక్కి వెళ్లి, దాదాపు 70 మందిని విడిపించి తీసుకొచ్చింది. రాత్రిపూట, అడవుల్లో నడక. దారిలో ఆమెకి ఆ నిద్ర వచ్చేస్తే? వెంట ఉన్నవాళ్లు ఆమె లేచేదాకా ఆగేవాళ్లు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. వాళ్లు ఆమె జబ్బు కళ్లారా చూశారు. చూసి కూడా ఆమె వెనకే నడిచారు.

హారియెట్‌కి చదవడం, రాయడం రాదు. ఆమె చెప్పిన కథని సారా బ్రాడ్‌ఫర్డ్ రాస్తే, 1869లో పుస్తకంగా వచ్చింది. అందులో ఈ నిద్ర సంగతి కూడా ఉంది. దాచలేదు.

నేనూ అమ్మని అడిగి, నా స్నేహితులకీ డాన్స్ టీచర్‌కీ చెప్పాను. ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పాను. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. తల కింద మెత్తటిది పెట్టాలి. గట్టిగా పట్టుకోకూడదు. నోట్లో ఏమీ పెట్టకూడదు. టైము చూడాలి, 5 నిమిషాలు దాటితే 911కి ఫోన్ చెయ్యాలి.

మన ఇళ్లల్లో చేతిలో తాళంచెవులు పెడతారు. దానివల్ల ఫిట్స్ తగ్గవు. మామూలుగా కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. అప్పటిదాకా, కళ్లు తెరిచాక కూడా కాసేపు, పక్కన తెలిసిన మనిషి ఒకరు ఉండాలి.