రాళ్ళు పోసిన దీవి

పిల్లలూ, విహారనౌకలో మాంటినీగ్రో దేశపు కోటోర్ రేవుకు పోయేటప్పుడు పెందలాడే లేచి డెక్కుపై నిలబడండి. ఏడ్రియాటిక్ సముద్రం అక్కడ కొండల నడుమకు చొచ్చుకుపోయింది. వెరిగె జలసంధి వద్ద దాని వెడల్పు సుమారు 340 మీటర్లే! అంత పెద్ద ఓడా మెల్లగా అందులో దూరుతుంది.

దాటగానే ఎదురుగా, పెరాస్ట్ ఊరి ముందు, రెండు చిన్న దీవులు. ఒకటి మనుష్యులు చేసినది. మొదట అక్కడ బండ మాత్రమే ఉండేదట. క్షేమంగా తిరిగివచ్చిన నావికులు తలా ఒక రాయి వేశారు. ఇప్పుడు దానిపై చర్చి ఉన్నది. ఏటా జూలై 22 సాయంత్రం ఊరివారు నేటికీ పడవలలో వెళ్ళి రాళ్ళు వేస్తారు.

మరి తిరిగి రానివారో? తనవాని కోసం ఎదురుచూస్తూ ఒక స్త్రీ 25 ఏళ్ళు కుట్టిన మేరీమాత పటం ఆ చర్చిలోనే ఉన్నది. దారంతోపాటు తన వెంట్రుకలూ వాడిందట. ముగించేనాటికి అవి తెల్లబడినాయట.

ఓడ కుడివైపుకు తిరుగుతుంది. కొండపైకి పాకిన కోటోర్ కోటగోడలు కనిపిస్తాయి.