ఎండినా సరస్సే

‘‘ఎండాకాలంలో పులికాట్ ఏంది అబ్బయ్యా! ఇప్పుడాడ నీళ్లుండవు. ఉంటే గింటే ఊబి ఉంటది’’ అన్నాడు నాయన. ఎప్పట్లాగే ఎవరం వినిపించుకోలేదు.

సెలవులకని చెన్నై నుంచి అక్క, పిల్లలు వచ్చారు. వాళ్లతోపాటు టామీ అనే తెల్లటి పొమేరియన్. ‘సరస్సు చూపిస్తా’నని పిల్లలకు నేను మాటిచ్చేశాను. అమ్మ ముందురోజు రాత్రే మామిడికాయ వేసి చేపల పులుసు చేసింది. మర్నాటికి గానీ దానికి అసలు రుచి రాదు మరి! తెల్లవారకముందే పులుసు గిన్నె, ముంజలు, నీళ్ల క్యాను వ్యానులోకి ఎక్కించాం. చివర్లో నాయన తన నాటుకుక్క నల్లోణ్ని ఎక్కించాడు. ‘వాడు రాకపోతే నేనూ రాన’న్నాడు.

నెల్లూరు నుంచి చెన్నై హైవేలో వెళ్లి, సూళ్లూరుపేట దగ్గర ఎడమకు తిరిగితే శ్రీహరికోట రోడ్డు. సరస్సు మధ్యలోంచే వెళుతుందా రోడ్డు. 2022లో జిల్లాల విభజనతో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసింది గానీ మా నోటికి ఇంకా నెల్లూరనే వస్తుంది. చలికాలంలో ఈ రోడ్డుకి రెండువైపులా నీళ్లే. ఆ నీళ్లలో బారులు తీరిన ఫ్లెమింగోలు. ఇప్పుడు మాత్రం కనుచూపు మేర ఉప్పు పేరుకున్న తెల్లటి నేల.

‘‘మామయ్యా, లేక్ ఏదీ?’’ అంది మేనకోడలు. నాకు తల కొట్టేసినట్టయింది.

జవాబు నాయనే చెప్పాడు. ఒడిశాలోని చిల్కా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ప్రళయ కావేరి అని దీనికి ఇంకో పేరు. వానాకాలంలో కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీళ్లు పంపుతుంది. ఆ ద్వారాలు ఇసుకతో పూడితే నీటి రాకపోకలు తగ్గి, ఎండలకు ఈ ఉత్తరపు భాగం ఇలా ఎండిపోతుంది. ఇదే ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. ఇంతకాలం ఇవేవీ మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

అటకానితిప్ప దాటాక వ్యాను ఆపాం. దిగీ దిగగానే దూరంగా ఉన్న కొంగల్ని చూసి టామీ పరుగు తీసింది. వెనకే నల్లోడు. కాస్త దూరం వెళ్లాక నల్లోడు ఠక్కున ఆగి, ఒక్కటే మొరుగుడు. టామీ ఆగలేదు. నాలుగడుగులు వేసి పొట్టదాకా బురదలో కూరుకుపోయింది. గింజుకున్నకొద్దీ కిందికి దిగుతోంది. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. నేను అటు దూకబోయాను.

‘‘ఆగరా!’’

నాయన అంత గట్టిగా అరవడం నా చిన్నప్పుడెప్పుడో విన్నాను. ‘‘తెల్లగుంటే గట్టినేల. నల్లగుంటే అడుగున తడి ఆరలేదని. అందులో నిలబడితే నువ్వూ దిగతావు.’’

బోల్తా వేసిన పడవ పక్కన ఓ పాత చెక్క పలక కనబడితే ఇద్దరం లాక్కొచ్చాం. దాన్ని బురద మీద పరిపించి, నన్ను దానిపై బోర్లా పడుకుని పాకమన్నాడు. కాళ్లు తను పట్టుకున్నాడు. ‘‘మెడ పట్టి లాగబాక. పొట్ట కింద చెయ్యి పెట్టు. నిదానం... నిదానం...’’ అయిదు నిమిషాలు పట్టిందేమో, నాకు గంటలా అనిపించింది. చివరికి తెల్లటి టామీ నల్లటి ముద్దలా నా చేతిలోకి వచ్చింది. అంతసేపూ నల్లోడు గట్టునే ఉన్నాడు. అడుగు ముందుకేస్తే ఒట్టు!

క్యానులో నీళ్లన్నీ టామీ స్నానానికే సరిపోయాయి. సర్కారు తుమ్మ నీడలో కూర్చుని పులుసన్నం తిన్నాం, ముంజలతో దాహం తీర్చుకున్నాం. పిల్లలు తాతయ్యను వదల్లేదు. పడవలెలా నడిపేవారు? రొయ్యలెలా పట్టేవారు? నాయన చెబుతూనే ఉన్నాడు. నేనూ మొదటిసారి విన్నాను.

తిరుగు ప్రయాణంలో మేనకోడలు అడిగింది, ‘‘తాతయ్యా, నీళ్లు లేకపోయినా ఇది లేకేనా?’’

‘‘ఎండిందని లోతు లేదనుకోబాక తల్లీ’’ అన్నాడు నాయన.

డిసెంబరులో మళ్లీ వెళ్లాలనుకున్నాం. అప్పుడు పక్షులుంటాయి కాబట్టి కుక్కలు ఇంట్లోనే. ఏ రోజు వెళ్లాలో, ఎక్కడ దిగాలో మాత్రం నాయనే చెబుతాడు.