సరే, రేపు!

ఎదురుచూడ్డంలో చాలా రకాలున్నాయి. బస్సు కోసం, పెళ్ళివారి ఉత్తరం కోసం, పరీక్ష ఫలితాల కోసం ఎదురుచూడ్డం మనందరికీ అలవాటే. కాని "ఊరికే పనిచేసిపెడతాను మహాప్రభో" అంటూ సముద్రం దాటి వెళ్ళి, ఆ పనేదో ఎప్పుడిస్తారా అని కూర్చోవడం ఉంది చూశారూ, దాని సంగతి వేరు. జీతం అడగనివాళ్ళకి విసుక్కునే హక్కు కూడా ఉండదు.

2014 ఆగస్టులో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో వాలంటీరుగా దిగాను. రేపు బడిపంతుళ్ళు కాబోయేవాళ్ళకి లెక్కలెలా చెప్పాలో నేర్పడం నా పని. ఏ ఊరి శిక్షణ కళాశాలో వచ్చాక చెబుతామన్నారు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలచేత ఎక్కాలు వల్లెవేయించినదాన్ని, ఏ ఊరైతేనేం అనుకున్నాను. తీరా ఆఫీసుకి వెళితే, ఎంతో మర్యాదగా నవ్వి "ఇషీ, నెగె" అన్నారు. అంటే "సరే, రేపు" అని. మర్నాడూ అదే మాట, అదే నవ్వు. దయ్యాన్ని తిప్పి పంపడానికి మన ఊళ్ళలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకునేవారు గుర్తుందా? పాపం, ఆ దయ్యం బాధేమిటో నాకప్పుడు తెలిసింది.

పైగా అక్కడి కాలం లెక్కే వేరు. సూర్యోదయంతో గంటలు మొదలెడతారు గనక, మన ఉదయం ఏడు వాళ్ళకి ఒంటిగంట. ఏడాదికి 13 నెలలు. ముప్ఫై రోజుల నెలలు పన్నెండు, చివర అయిదారు రోజుల బుల్లి నెల ఒకటి. నేను దిగేటప్పటికి వాళ్ళ పంచాంగంలో ఇంకా 2006 నడుస్తోంది. విమానం దిగగానే ఎనిమిదేళ్ళు చిన్నదాన్నయ్యానని సంబరపడ్డాను గాని, చిన్నదానికైనా తోచుబాటు ఉండాలి కదా!

బయట ఒకటే వాన. 2,300 మీటర్ల ఎత్తున్న ఊరు కావడంతో ఆగస్టులోనూ స్వెట్టరు విప్పేది లేదు. పని రాలేదు గాని భత్యం మాత్రం ఠంచనుగా వచ్చేది. అదే నన్ను తినేసింది. సేవ చేస్తానని వచ్చి, కూర్చుని చేయించుకుంటున్నానే! ఫోన్లో మా చెల్లెలు, "ఇంకా పోస్టింగు రాలేదా అక్కా? హాయిగా వచ్చెయ్యరాదూ! ఎక్కాలు రాని పిల్లలు ఇక్కడ మాత్రం లేరా?" అంది. జవాబు దొరకలేదు. ఆ రాత్రి పెట్టె సగం సర్దేశాను కూడా.

మర్నాడు బుధవారం. బుధ, శుక్రవారాల్లో అక్కడి ఆర్థడాక్సు క్రైస్తవులు మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. నా శాకాహారానికి పండగ రోజులన్నమాట. ఇల్లుగలావిడ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పళ్ళెం ముందు కూర్చోబెట్టింది. టెఫ్ అనే ఆవగింజకంటే సన్నటి ధాన్యపు పిండిని పులియబెట్టి, పెద్ద పెనం మీద ఒకవైపే కాల్చిన ఇంజెరా. కళ్ళు మూసుకుని తింటే మూడురోజులు పులిసిన అట్టే. మీద షిరో. అది మన బొంబాయి చట్నీకి కాస్త కారం ఎక్కువైన అక్కగారు. నేను మొహమాటపడుతుంటే ఆవిడ ముద్ద చుట్టి నా నోట్లోనే పెట్టింది. దానికి "గుర్షా" అని పేరుట. అమ్మ పోయాక నాకు ముద్ద తినిపించినవాళ్ళు లేరు.

భోజనమయ్యాక కాఫీ. అప్పటికప్పుడు గింజలు వేయించి, దంచి, మట్టికూజాలో కాచి మూడు విడతలు పోస్తారు: అబోల్, తోనా, బరకా. మూడోది దీవెన. అది తాగకుండా లేవకూడదు. పక్కింటి పెద్దాయన నా ఊరు అడిగి తెలుసుకుని, లేచి తన కుర్చీ నాకిచ్చాడు. "నాకు బీజగణితం చెప్పింది మీ దేశపు మాస్టారే" అన్నాడు. హైలీ సెలాసీ చక్రవర్తి కాలంలో ఎందరో భారతీయ ఉపాధ్యాయులు ఆ దేశపు బళ్ళలో పనిచేశారు. ఈ మాస్టారు ఏ ఊరివారో! స్వదేశంలో లెక్కలు రాని పిల్లలుండగానే ఆయనా వచ్చారు. ఆ పుణ్యానికి నలభై ఏళ్ళు దాటాక వడ్డీ నాకు ముడుతోంది. చెల్లెలికి చెప్పవలసిన జవాబు ఆ కుర్చీలో దొరికింది. గదిలోకొచ్చి పెట్టె విప్పేశాను.

ఇక కాళ్ళు ముడుచుకు కూర్చోలేదు. ఇల్లుగలావిడ ఎనిమిదేళ్ళ కూతుర్ని గురువుగా కుదుర్చుకున్నాను. అమ్హారిక్ లిపిలో మూల అక్షరాలు 33, ఒక్కొక్కదానికి ఏడు రూపాలు. క, కు, కీ, కా, కే, క్, కో! వరస కాస్త తారుమారైనా మన గుణింతమే కదండీ! ఆ పిల్ల బెత్తం పట్టుకోలేదన్న మాటేగాని, నేనెంత గట్టి పంతులమ్మనో అంతకంటే గట్టిది.

సెప్టెంబరు 11న పసుపుపచ్చ పూలతో వాళ్ళ కొత్త సంవత్సరం వచ్చింది. ఆ నెలాఖరుకి నా ఉత్తర్వూ వచ్చింది. ఇక్కడికి 130 కిలోమీటర్ల దూరంలో, ఇంకా చలి ఊరు దెబ్రె బెర్హాన్. మొదటిరోజు క్లాసులో నా చేతికిచ్చిన హాజరుపట్టీ అంతా వాళ్ళ లిపిలోనే ఉంది. ఒక్కొక్క పేరే పిలుస్తూపోయాను. సగం దాటేసరికి గదిలో చప్పుడు లేదు. ఆ ఏడు వారాలూ ఊరికే పోయాయని ఆ తరవాత నేనెవరితోనూ అనలేదు.

గురుదక్షిణ మాత్రం బయల్దేరే ముందే చెల్లించుకున్నాను. ఆ పిల్లకి పదమూడో ఎక్కం నేర్పాను. పదమూడు నెలల దేశం కదా, పనికొస్తుంది!