ఏ పురుగుకి ముహూర్తం ఆగాలి?

ఏ లోటూ లేకుండా జరిగిన పెళ్ళిని మీరెక్కడైనా చూశారా? అప్పడాలు మెత్తబడతాయి, సన్నాయివాడు ఆలస్యంగా వస్తాడు. వాటికోసం ఎవరూ ముహూర్తం ఆపరు. మంగళసూత్రం కనిపించకపోతే మాత్రం అందరూ ఆగి వెతకాల్సిందే. ఏ లోటు సర్దుకోవచ్చో, ఏది కూడదో చెప్పడానికి ప్రతి ఇంట్లో ఓ పెద్దావిడ ఉంటుంది. మరి ముఖపరిచయం కూడా లేని వందలమంది కలిసి చేసే పనిలో ఆ మాట చెప్పేదెవరు?

ఈ ప్రశ్నకి జవాబు నాకు శంషాబాదు విమానాశ్రయంలో దొరికింది. మా విమానం గంట ఆలస్యం. పక్కన మా అక్క కొడుకు ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని పనిచేసుకుంటున్నాడు.

"విమానంలో ఏదైనా చెడిందేమోరా?" అన్నాను.

"ఏదో ఒకటి చెడి ఉన్నా ఎగురుతూనే ఉంటాయి పిన్నీ," అన్నాడు తాపీగా. నా గుండె గుభేలుమంది.

విమానాలకి 'ఎంఈఎల్' అని ఓ జాబితా ఉంటుందట. ఏది పనిచేయకపోయినా ఎగరవచ్చో, దాన్ని ఎన్నాళ్ళలో బాగుచేయాలో అందులో ఉంటుంది. మన దేశంలో దానికి డీజీసీఏ ఆమోదం కావాలి. బి తరగతి లోపానికి 3 రోజులు గడువు, సి తరగతికి 10, డి తరగతికి 120. క్షేమంగా ఎగరడానికి అవసరమైనదేదైనా చెడి, దానికి ఆ జాబితాలో మినహాయింపు లేకపోతే విమానం కదలదు.

"తీరిగ్గా కూర్చుని ముందే రాసుకున్న జాబితా పిన్నీ. ప్రయాణికులు అరుస్తుంటే కంగారులో తేల్చేది కాదు."

తీరికవేళల్లో వాడు చేసే పనీ అలాంటిదేనట. డెబియన్ అనే సాఫ్ట్‌వేర్‌ని 1993లో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి అమెరికాలో మొదలుపెట్టాడు. ఇప్పుడు దేశదేశాల స్వచ్ఛంద సేవకులు తయారుచేస్తున్నారు. కంప్యూటరు నడవడానికి కావలసినదంతా ఉచితం. లోపల ఏం రాశారో ఎవరైనా చూడవచ్చు. తప్పుల చిట్టా కూడా బహిరంగమే. తప్పుని వాళ్ళు 'బగ్' అంటారు, అంటే పురుగు! మనం బియ్యం ఏరినట్టు వాటిని ఏడు తరగతులుగా ఏరుతారు. దాచుకున్నవి పోగొట్టేవి, దొంగలకి తలుపు తీసేవి, అసలు వాడుకోవడానికే వీల్లేకుండా చేసేవి, నియమాలను గట్టిగా అతిక్రమించేవి పై మూడు తరగతుల్లోకి వస్తాయి. విడుదలని ఆపగలిగేవి అవే.

"అలాంటిది ఒక్కటి మిగిలినా అంతా ఆగాల్సిందేనా?"

"అక్కర్లేదు. ఆ ఒక్క ప్రోగ్రాముని తీసేసి మిగతాది విడుదల చేయొచ్చు."

పాచిపోయిన కూర పక్కన పెట్టి వడ్డన సాగించినట్టన్నమాట. అన్నమే ఉడకకపోతే ఆగక తప్పదు. ఈ తుదిమాట చెప్పడానికి విడుదల బృందమని ఒకటుంది. 13వ కూర్పు 'ట్రిక్సీ' ఈ జల్లెడలన్నీ దాటుకునే 2025 ఆగస్టు 9న వచ్చిందట.

"బాగానే ఉంది. మరి ఒక ప్రోగ్రాములో తెలుగు చేర్చండి అని అడిగితే అది ఏ తరగతి?"

వాడు కాస్త నసిగాడు. "మామూలుగా ఏడోది పిన్నీ. దాని పేరు 'కోరిక'."

నాకు చురుక్కుమంది. దాచుకున్న ఫొటోలు పోవడంకన్నా అది చిన్న విషయమే, కాదనను. కానీ తెలుగు తప్ప చదవలేని ఆడమనిషికి మీటలన్నీ ఇంగ్లీషులో ఉంటే, ఆ ప్రోగ్రాము అసలు వాడుకోవడానికే వీల్లేనిది కాదూ?

2018 ఫిబ్రవరిలో యాపిల్ ఐఫోన్లకి ఓ చిత్రమైన జబ్బు చేసింది. మన 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే చాలు, సందేశాల యాప్ కూలిపోయి మళ్ళీ తెరుచుకునేది కాదు. అది డెబియన్‌లా అందరి సొత్తు కాదు, ఒక కంపెనీది. ఆ కంపెనీ తర్వాతి పెద్ద కూర్పు దాకా ఆగకుండా ఫిబ్రవరి 19నే సవరణ పంపింది. మంచిదే. అయితే ఆ అక్షరం పంపి తెలుగు రానివాళ్ళ ఫోన్లని కూడా పడగొట్టవచ్చు. అంత తొందరకి అదీ ఓ కారణమేనని నా అనుమానం. తెలుగు చదువుకోవడానికి లేకపోతే ఆ ఇబ్బంది మన ఒక్కళ్ళదే మరి!

తూకం వేసేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. తమకి తగలని దెబ్బ ఎవరికైనా చిన్నగానే కనిపిస్తుంది. డెబియన్‌లో నాకు నచ్చినదేమిటంటే, ఆ చిట్టాలో ఫిర్యాదు రాయడానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు, ఒక ఈమెయిలు చాలు. ఉప్పు తక్కువైందని చెప్పాల్సింది తిన్నవాళ్ళే కదా! వాడుకునే మనం నోరు విప్పకపోతే, మన అవసరం వాళ్ళ లెక్కలో కోరికగానే ఉండిపోతుంది. ఏమంటారు?