పందెమును పగయు

కద్రూవినతల కథ నెఱుగని తెలుగు గృహిణి యుండదు. పాలకడలిలో పుట్టిన తెల్లగుఱ్ఱమును దూరమునుండి చూచి, దాని తోక నల్లగా నున్నదని యొకతెయు, తెల్లగనే యున్నదని వేఱొకతెయు పందెము వేసికొనిరి. ఓడినవారు గెలిచినవారికి దాస్యము చేయవలెనని యొడంబడిక. కద్రువ తన కొడుకులైన పాములను పంపి, యా తోక నల్లగా గనబడునట్లు చేయించి గెలిచినది. ఆ గెలుపువలన నామె కేమి మేలు కలిగినదో కాని, పాములకును గరుత్మంతునకును నాటినుండి తీరని పగ యేర్పడినది. మా తండ్రిగారు మాకు ఆదిపర్వము చెప్పుచు నీ ఘట్టమునకు వచ్చినపుడెల్ల “తప్పు పందెములో లేదమ్మా, తోకలో నున్నది” అనెడివారు. ఆ మాట లోతు మాకు అమెరికాదేశమున మోటారుకారుల పందెమును చూచిన పిదప మఱింత తేటపడినది.

వెనుకటి వేసవిలో మా వారికి బడి సెలవు లిచ్చినపుడు, మిషిగన్ రాష్ట్రమున డిట్రాయిట్ నగరమునకు దాపున నున్న మా చెల్లెలి యింట నెలదినము లుంటిమి. ఫోర్డు, జనరల్ మోటార్సు, క్రైస్లరు అను మూడు పెద్ద కంపెనీలును ఆ ప్రాంతమందే పెరిగి పెద్దవైనవి. మన తెలుగు ఇంజనీర్ల కుటుంబములు పెక్కులు ఆ కర్మాగారముల నాశ్రయించుకొని యచట కాపురములు చేయుచున్నవి. మా మరదియు నట్టివాడే.

అచ్చటివారిలో చాలమందికి కారు ఇంటిపేరు వంటిది. తాత ఫోర్డువాడైనచో తండ్రియు మనుమడును ఫోర్డువారే. జనరల్ మోటార్సులోని షెవర్లే శాఖను నమ్మినవారు ఫోర్డు ముఖము చూడరు. క్రైస్లరు పక్షమువారు తమ్ము మోపార్ వారమని గర్వముగా చెప్పుకొందురు. షెవర్లే యింటి పిల్ల ఫోర్డు యింటికి కోడలుగా వచ్చినచో విందుభోజనమున వేళాకోళములకు లోటుండదు. మన పల్లెలలో బండలాగుడు పందెములనాడు ఒంగోలు గిత్తల యజమానులు చూపు రోషము నెఱిగిన వారికి ఈ రోషము క్రొత్తగా దోచదు.

ఈ కారుల పోరు ముదిరినది 1960 తరువాతి పదేండ్లలో. 1964 సంవత్సరపు నమూనాగా జనరల్ మోటార్సు వారి పాంటియాక్ శాఖ జి.టి.ఓ. అను కారును వెలువరించినది. మధ్యరకపు కారులో, పెద్దకారునకు బిగింపదగిన 389 ఘనపుటంగుళముల యంత్రమును బిగించుటయే అందలి కిటుకు. ఒంటెద్దు బండికి జోడు గిత్తలను కట్టినట్లన్నమాట. అంత పెద్ద యంత్రమును అట్టి కారులో పెట్టరాదని కంపెనీలో నిబంధన యుండగా, కొనువాడు కోరినచో చేర్చు అదనపు సామగ్రి యను పేరుతో దానిని దాటిరి. ఇట్టి బలిష్ఠములైన కారులకే తరువాత మజిల్ కారులు, అనగా కండల కారులు, అను పేరు స్థిరపడినది. అదే 1964 ఏప్రిలు 1వ తేదీన ప్లిమత్ వారి బారకూడాయు, 17వ తేదీన ఫోర్డువారి మస్టాంగును బజారునకు వచ్చినవి. మస్టాంగన నడవిగుఱ్ఱము. 1966లో షెవర్లేవారు దానికి పోటీగా కమారోను తెచ్చిరి. ఆ పేరున కర్థమేమని పత్రికలవా రడుగగా, మస్టాంగులను తిను చిన్న క్రూరమృగమని కంపెనీవారు నవ్వుచు చెప్పిరట! 1970 నమూనాగా డాడ్జివారి ఛాలెంజరు బరిలో దిగినది. ఆదివారము పందెములో గెలిచిన కారు సోమవారము అంగడిలో అమ్ముడుపోవునని ఆ కాలపు వర్తకుల నానుడి.

ఇక పందెపు తీరు వినుడు. దీనిని డ్రాగ్ రేసు అందురు. మలుపులు లేని తిన్నని బాటపై రెండు కారులు ప్రక్కప్రక్కన నిలిచి, పావుమైలు దూరము, అనగా 1320 అడుగులు, పరుగెత్తవలెను. మొదట చక్రములను నీటితో తడిపి, నిలిచినచోటనే గిరగిర త్రిప్పి వేడిచేయుదురు. రబ్బరు కాగి బాటను గట్టిగా పట్టుకొనును. ఆ పొగయు, ఆ చప్పుడును మొదటిసారి చూచినపుడు మేము చెవులు మూసికొని చెల్లెలి వెనుక నిలిచితిమి. ఇద్దఱి నడుమ నొక దీపస్తంభ ముండును. 1963 నుండి వాడుకలోనున్న దీనికి క్రిస్మసు చెట్టని ముద్దుపేరు. పసుపుదీపములు వరుసగా వెలిగి, పిదప పచ్చదీపము వెలుగును. పచ్చదీపమునకు ముందే కదలినవానికి ఎఱ్ఱదీపము వెలుగును, వాడోడినట్లే. ఎంత ధనవంతుడైనను, ఎంత గొప్ప కారు గలవాడైనను, ఎఱ్ఱదీపమునకు బదులు చెప్పలేడు.

సామాన్యులు పాల్గొను పందెములలో మఱియొక చక్కని పద్ధతి కలదు. ప్రతివాడును తన కారు పావుమైలు నెన్ని సెకండ్లలో పరుగెత్తునో తానే లెక్కించి, అద్దముపై వ్రాసికొనవలెను. ఒకడు 14.90 అనియు, ఎదుటివాడు 12.40 అనియు వ్రాసినచో, మొదటివానికి రెండున్నర సెకండ్లు ముందుగా పచ్చదీపము వెలుగును. అందుచే పేదవాని పాతకారును ధనికుని క్రొత్తకారుతో సరిసమానముగా పోరాడగలదు. అయితే తాను వ్రాసిన సంఖ్యకంటె వేగముగా పరుగెత్తినవా డోడిపోవును. ఇద్దఱు నట్లే చేసినచో, ఎక్కువ తప్పినవా డోడును. తన బలమును తక్కువచేసి చెప్పి యెదుటివానిని మోసగింప వీలులేకుండ చేసిన కట్టుబాటిది. గెలుపునకు వేగముతోపాటు ఆడిన మాటయందు నిలకడయు కావలెనన్నమాట. కద్రువ కిట్టి మధ్యవర్తి యొక డుండినచో గరుత్మంతుని తల్లికి దాస్యము తప్పెడిది కదా!

ఈ కట్టుబాట్లు ఊరక పుట్టలేదు. పూర్వము యువకులు రాత్రులందు రాజమార్గములపై పందెములు వేసి, ప్రాణములు పోగొట్టుకొనుచుండిరి. 1951లో వాలీ పార్క్స్ అను పత్రికాసంపాదకుడు జాతీయ హాట్ రాడ్ సంఘమును స్థాపించి, పిల్లలను వీధులనుండి రక్షణగల బాటలకు మరల్చుటకు పూనుకొనెను. 1953లో కాలిఫోర్నియాలోని పొమోనాలో సంఘమువారి మొదటి పందెము జరిగినది. అయినను వీధిపందెములు మాసిపోలేదు. డిట్రాయిట్‌లోని వుడ్‌వర్డ్ ఎవెన్యూపై 1960 తరువాతి యేండ్లలో ఒక దీపమునుండి మఱియొక దీపమువఱకు కారులు పందెములాడిన కథలు ఆ యూరివారు నేటికిని చెప్పుకొందురు. 1995 నుండి ఏటేట ఆగస్టులో ఆ వీధిలోనే పాతకారుల యూరేగింపు జరుగుచున్నది.

మా చెల్లెలి బెంగకు కారణ మీ వీధిపందెములే. దాని కుమారుడు పందొమ్మిదేండ్లవాడు. సెలవులలో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో పాతబడిన మస్టాంగు నొకదానిని కొనెను. పగలెల్ల దాని క్రింద పండుకొని మరమ్మతులు; రాత్రియైనచో స్నేహితులతో షికారు. షెవర్లే పక్షపు కుఱ్ఱలు కవ్వించుటయు, వీడు పౌరుషపడుటయు దానికి తెలియును. అర్ధరాత్రి దాటినను కుమారుడు రాకున్నచో అది వీధితలుపు వంకనే చూచుచు కూర్చుండును. దూరమున ఆంబులెన్సు కూత వినబడినచో దాని ముఖము పాలిపోవును. మందలించిన వాడు వినడు. తాళములు దాచిన తండ్రికిని కొడుకునకును మాటలు నిలిచిపోయినవి. మేమున్న దినములలో మేమును దానితోడ మేలుకొని కూర్చుంటిమి. కన్నకడుపు బాధను చూచి, ఆ కారులనెల్ల శపించిన రాత్రులును గలవు.

ఆ కుఱ్ఱవానిని దారికి తెచ్చినది పొరుగింటి వృద్ధుడు. ఆయన తాతముత్తాతలనాటి షెవర్లే భక్తుడు. ఇంట నొక పాత కమారో యున్నది. ఒకనాటి సాయంకాలము కంచెకడకు వచ్చి, “వీధిలో గెలిచితినని యెవడైనను చెప్పవచ్చును. నీ మస్టాంగు నిజముగా నెంతటిదో కాగితముమీద చూపింతువా?” అని వానిని కవ్వించెను. తల్లిదండ్రుల మాట వినని వాడు శత్రుపక్షమువాని మాటకు లేచి నిలిచెను. మఱుసటి శనివారము మేమందఱమును ఊరికి దూరముగనున్న పందెపుబాటకు బయలుదేరితిమి.

అచట మొదట బ్రేకులు, చక్రములు, సీటుబెల్టు పరీక్షించిరి. వేగము హెచ్చినకొలది శిరస్త్రాణము మొదలగు కట్టుబాట్లు హెచ్చునట. వైద్యులును, అగ్నిమాపకులును సిద్ధముగా నుండిరి. మా వాని కారులో నొక గొట్టము వదులై నీరు కారుచుండగా, అంతవఱకు ఫోర్డును ఎగతాళిచేయుచున్న షెవర్లేవా రిద్దఱు తమ పనిముట్ల పెట్టెను తెచ్చి బిగించి యిచ్చిరి. “నీవు బరిలోనికి రాకున్న మే మెవరి నోడింతుము?” అనిరి. మొదటి పందెమున మా వాడు గెలిచెను. రెండవదానిలో 14.90 అని వ్రాసికొని 14.86లో పరుగెత్తి, తన మాట తానే దాటినందున నోడిపోయెను. ఆ చీటిని వాడు పదిసార్లు చదువుకొనెను. “నీ కారును నీవింకను ఎఱుగవు” అని వృద్ధుడు నవ్వెను. ఆ రాత్రి వాడు తొమ్మిదింటికే యిల్లుచేరి, తల్లి వడ్డించిన పెరుగన్నము తిని నిద్రపోయెను. తండ్రియు కొడుకును పలుకాడుకొనిరి. చెల్లెలు తెల్లవాఱువఱకు కదలక నిద్రించుట ఆ నెలలో మేము చూచిన దదియే మొదటిసారి.

ఆ వృద్ధుడే మాకు పాము ముంగిసల కథ చెప్పెను. పంచతంత్రములోనిది కాదు. డాన్ ప్రూధోమ్ అను పందెగానికి పామని పేరు. అతనికి సరియైన ప్రత్యర్థి ననిపించుకొనుటకై టామ్ మెక్యూవెన్ అనువాడు ముంగిస యను పేరు దాల్చెను. 1970లో మాటెల్ బొమ్మల కంపెనీవారు వీరి కిద్దఱికిని పోషకులై, వీరి కారుల బొమ్మలను ఇంటింటి పిల్లల చేతికందించిరి. 1978లో ఇండియానాపొలిస్‌లో జరిగిన మహాపందెమునకు కొలది దినములు ముందు ముంగిస కుమారుడు లుకేమియా వ్యాధిచే మరణించెను. కడుపుకోతతోనే తండ్రి బరిలో దిగెను. అంతిమ పందెమున నెదుట నిలిచినది పామే. ముంగిస గెలిచెను. పరుగు ముగిసినపుడు పామును ముంగిసయు కలిసి కన్నీరు విడిచిరని చెప్పుదురు. ఇది చెప్పునపుడు వృద్ధుని కంఠమును గద్గదమైనది. ఇన్నేండ్లు ఎదురుగా నిలిచినవానికి మన బలమే కాక మన దుఃఖమును తెలియును కాబోలు.

స్త్రీల మాట వ్రాయకున్న సోదరీమణులు మమ్ము క్షమింపరు. 1966లో షర్లీ షాహన్ అను గృహిణి ప్లిమత్ కారుతో ఆ సంఘపు జాతీయపందెమున గెలిచి, అట్టి విజయము పొందిన మొదటి స్త్రీ యయ్యెను. షర్లీ మల్డౌనీ 1973లో అన్నిటికంటె వేగమైన టాప్ ఫ్యూయల్ తరగతిలో పరుగెత్తుట కనుమతి పొందెను. ఆ యనుమతిపత్రముపై అనుభవజ్ఞులైన పందెగాండ్రు సంతకము చేయవలెను. చేసినవారిలో నొకడు డాన్ గార్లిట్స్. తరువాత నామెకు ప్రబల ప్రత్యర్థి. 1977, 1980, 1982 సంవత్సరములలో ఆమె ఆ తరగతికి విజేత యయ్యెను. 1984లో ఘోరప్రమాదమున కాళ్లు నుగ్గైనను, మరల వచ్చి పందెమాడెను.

కండల కారుల తొలివైభవము 1970 తరువాత బీమా వెలలు, పొగను గూర్చిన చట్టములు, 1973 నాటి చమురుకొఱత వీనివలన సన్నగిల్లినది. పిమ్మట మరల చిగిర్చినను, ప్లిమత్ 2001లోను, పాంటియాక్ 2010లోను కనుమఱుగైనవి. కమారో, ఛాలెంజర్ల నిర్మాణము 2023 డిసెంబరులో నిలిచిపోయినది. మస్టాంగు మాత్రము మిగిలినది. శత్రువులు పోయిరి గదా, సంతోషమేనా యని మేము మా వాని నడుగగా, “లేదు పెద్దమ్మా, పండుగనాడు ఇంట చుట్టములు లేనట్లున్నది” అనెను.

సోదరీమణులారా! పిల్లలలో రోషము మన మాటలచే చల్లారునది కాదు. అది చదువులో నుండవచ్చును, ఆటలో నుండవచ్చును, తోడికోడండ్ర బిడ్డల నడుమ నుండవచ్చును. దానికొక కొలతగల బాటయు, మోమోటము లేని దీపమును, ఓడినవానికి గొట్టము బిగించి యిచ్చు ప్రత్యర్థియు చూపినచో అది విద్యగా మారును. చూపకున్నచో వీధిలో తన దారి తాను వెదకికొనును. ఇపుడు పొరుగువారి కమారోకు విడిభాగములు దొరకుట లేదట. మా వాడు ఊరూర తిరిగి వానిని సేకరించుచున్నాడని చెల్లెలు మొన్న ఫోనులో చెప్పినది. ఆ కారు నడువకున్న తన కెదురు నిలుచువా డెవడని వాని చింత.