దాదా మందు తుపాకి, కాకా కొనబోయిన మిలిటరీ రైఫిలు

పోస్టు కొంచెం పెద్దది. పోలీసు, ఆర్మీ ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మేము ఇద్దరం అన్నదమ్ములం. మాది రొళ్ల మండలంలో ఒక తండా. పెద్దోడు డిగ్రీలో ఎన్‌సీసీ చేశాడు, చిన్నోడు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నాడు. మా వైపు గుట్టల సంగతి తెలిసిందే కదా. ఎలుగుబంట్లు ఊళ్లోకే వస్తాయి. అడవి పందులు చెనక్కాయ చేలో దిగితే తెల్లారేసరికి దున్నినట్టు ఉంటుంది. మా కాకా చేను పోయిన పంటకు అట్లే పోయింది. పెట్టుబడి కూడా రాలేదు.

ఆ కోపంలో ఉన్నప్పుడే కాకాకు బార్డర్ అవతల నుంచి ఒకడు తగులుకున్నాడు. "పాత మిలిటరీ రైఫిలు ఉంది, త్రీ నాట్ త్రీ. పోలీసోళ్లు తీసేసింది. పాతిక వేలు ఇస్తే చాలు. మీ నాయనకు ఎట్లా లైసెన్సు ఉంది కదా, దాని కిందే పెట్టేసుకోండి" అన్నాడంట. కాకా మాకు చెప్పినప్పుడు నిజం చెప్పాలంటే మాకూ ఒంట్లో హుషారు పుట్టింది. సినిమాల్లో చూసిన రైఫిలు మన ఇంటి గోడకు ఉంటుందంటే ఎవరికి ఉండదు?

ఫోటో పంపమన్నాం. వచ్చింది. పెద్దోడు చూసి కాసేపు మాట్లాడలేదు.

ఎన్‌సీసీలో డ్రిల్లుకు పాత .303 రైఫిళ్లే ఇచ్చేవాళ్లు. వాటిని డీపీ అంటారు, అంటే డ్రిల్లుకు మాత్రమే, కాల్చడానికి కాదు. గుండు కూర్చునే చోట గొట్టానికి రంధ్రం వేసి ఉంటుంది, పైన డీపీ అని ముద్ర కొట్టి ఉంటుంది. ఫైరింగ్ అంతా .22 తోనే. మాకు నేర్పిన హవల్దారు సారు మొదటి రోజే చెప్పిన మాట, "రైఫిలు చేతికి రాగానే నంబరు చూడు". బాడీ మీద ఉన్న నంబరే బోల్టు మీదా ఉండాలి. ఒక రైఫిలు బోల్టు ఇంకో రైఫిలుకు దూరినా, గుండుకు వెనకాల ఉండాల్సిన సందు కొలత మారిపోతుంది. కాలిస్తే గుండు వెనక్కి పగిలి మొహానికి వస్తుంది.

ఆ ఫోటోలో బాడీ మీద నంబరు గీకేసి ఉంది. గొట్టం పక్కన, రంధ్రం ఉండాల్సిన చోట, వెల్డింగు పెట్టి పూడ్చి రంగు పూశారు. అంటే ఎక్కడో డ్రిల్లుకు వాడిన రైఫిలును మళ్లీ కాల్చేదిగా చేసి అమ్ముతున్నారు. ఆ వెల్డింగు .303 గుండు ఒత్తిడికి నిలబడదు. పంది చచ్చినా చావకపోయినా, పట్టుకున్నోడి చెయ్యో కన్నో పోతుంది.

కాకా ఒప్పుకోలేదు. "అల్లూరి సీతారామరాజు పోలీసుల తుపాకులు తీసుకోలేదా, మనం డబ్బిచ్చి కొనుక్కుంటే తప్పా?" అన్నాడు. చిన్నోడు అన్నాడు, "కాకా, ఆయన 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు వరుసగా కొట్టి తుపాకులు తీసుకున్నాడు. ఏమేం తీసుకున్నాడో స్టేషనులోనే రాసి సంతకం పెట్టి పోయినాడని చెప్తారు. వీడేమో నంబరే గీకేసినాడు. ఎవురు దొంగ?" కాకా నవ్వలేదు గానీ కూర్చున్నాడు.

ఇక చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు మనిషికే కాదు, ఫలానా తుపాకికి ఇస్తారు. లైసెన్సులో ఆ తుపాకి రకం, నంబరు రాసి ఉంటాయి. దాదా మందు తుపాకి లైసెన్సు కింద ఇంకో తుపాకి "పెట్టేసుకోవడం" అనేది లేదు. లైసెన్సు లేని మామూలు తుపాకి దొరికితే 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ 2 ఏళ్లు, 5 ఏళ్ల దాకా జైలు. నిషిద్ధ ఆయుధం అయితే 7 నుంచి 14 ఏళ్లు. .303 మిలిటరీ బోరు. అందుకే మన దేశంలో ప్రభుత్వ ఫ్యాక్టరీ అదే నమూనాలో .315 రైఫిలు చేసి లైసెన్సు ఉన్నోళ్లకు అమ్ముతుంది. గుండు వేరే, పోలికలు అవే. "మిలిటరీ సరుకు చవగ్గా" అని ఎవరన్నా చెప్తే అది దొంగ సరుకు అనే అనుకోండి. ఇంట్లో దొరికితే కాకా ఒక్కడితో పోదు. చిన్నోడి అటెస్టేషన్ ఫారంలో కేసు కాలమ్ ఉంటుంది. పోలీసు వెరిఫికేషన్ తండాకే వస్తుంది.

ఒక్కటి మాత్రం మాకు బాధే. ఈ రైఫిలే కెనడాలో చూడండి. అక్కడ ఉత్తరాన మంచు ప్రాంతాల్లో రేంజర్లని 1947 నుంచి ఉన్నారు. వాళ్లలో చాలామంది ఆ నేల ఆదివాసులు, ఇన్యూట్ జనం. ధ్రువపు ఎలుగుబంట్ల నుంచి కాపాడుకోను ప్రభుత్వమే వాళ్లకు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు ఇచ్చింది, అంటే మన .303 వంశమే. గడ్డకట్టే చలిలోనూ ఇరుక్కోదని 70 ఏళ్లు అదే వాడారు. మన దగ్గరేమో ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌తో దానికి వీడ్కోలు చెప్పారు. మన జాతుల్లో ఎన్నింటినో 1871లో తెల్లోళ్లు నేరస్తుల జాబితాలో రాశారు, 1952 దాకా ఆ చట్టం పోలేదు. 1791-92లో కారన్‌వాలిస్ సైన్యం టిప్పు మీదికి పోతే ఎద్దుల మీద ధాన్యం మోసి ఆ సైన్యానికి తిండి పెట్టింది మన బంజారాలే. ఆ చరిత్ర ఉన్నోళ్లం కాబట్టే మన మీద ఇంకో కేసు పడకుండా మనమే చూసుకోవాలి.

ఆ రోజు సాయంత్రం దాదా మా మాటలన్నీ విని, "ఉన్నదాన్ని సరిగ్గా చూసుకోలేనోళ్లు కొత్తది కొంటారంట" అని గోడ మీది తన తుపాకి దించమన్నాడు. ఒంటి గొట్టం మందు తుపాకి. పంట కాపాడుకోను ఎప్పుడో అనంతపురం కలెక్టరు ఆఫీసు నుంచి తెచ్చుకున్న లైసెన్సు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనులో పెట్టి రసీదు తెచ్చుకుంటాడు. 2024 ఎన్నికలకూ అట్లే పెట్టి, తర్వాత తెచ్చుకున్నాడు.

దాదా పక్కనే కూర్చుని కడ్డీ గొట్టంలోకి వదలమన్నాడు. ఆ కడ్డీకి ఒక గాటు ఉంది. గొట్టం ఖాళీగా ఉంటే గాటు సరిగ్గా మూతి దగ్గర ఆగుతుంది. మేం వదిలితే గాటు నాలుగు వేళ్లు పైనే ఆగింది.

తుపాకి దట్టించి ఉంది.

దాదా మొహం మారిపోయింది. ఎన్నికల తర్వాత ఒక వానాకాలం రాత్రి మందు కూరి చేనికి పోయినాడంట. పందులు రాలేదు. తెల్లారి అట్లే తెచ్చి గోడకు పెట్టి మర్చిపోయినాడు. క్యాపు లేదు కాబట్టి సరిపోయింది. ఆ గోడ కిందే మా చెల్లెలి పిల్లోడు పడుకుంటాడు. యాడి చాలాసేపు ఏడ్చింది. దాదాను మాత్రం ఒక్క మాట అనలేదు.

ముందు గొట్టంలో నీళ్లు పోసి మందు నానబెట్టి, తర్వాత దాదా పురి కడ్డీతో పీచు, మందు బయటికి లాగాడు. మీ ఇంట్లో ఇట్లాంటిది ఉంటే మీరు చేయొద్దు. స్టేషనుకో, లైసెన్సున్న తుపాకి రిపేరీ షాపుకో చెప్పండి.

తర్వాత కడిగే పని మాది. ఇక్కడ ఎన్‌సీసీ చదువు, దాదా చదువు ఒకటే అని తెలిసింది. పాత .303 గుండ్ల క్యాపుల్లో ఉప్పు జాతి మసి మిగులుతుంది, అది గాలిలో తేమ పీల్చి ఒక్క రాత్రిలో తుప్పు పట్టిస్తుంది. అందుకే సైన్యంలో కాల్చిన వెంటనే గొట్టంలో మరిగే నీళ్లు పోసేవాళ్లు. నల్లమందు మసికీ వేడినీళ్లే మందు. నీళ్లు పోసి, బాగా ఆరబెట్టి, పొడి గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆపైన పల్చగా నూనె. దాదా ఇన్నేళ్లూ ఆముదం పూస్తున్నాడు. అది జిగురు పట్టి గుర్రం దగ్గర మన్నులా గట్టిపడింది. మిషను నూనె మేలని ఒప్పించడానికి అరగంట పట్టింది. చెక్కకు మాత్రం అవిసె నూనె రాశాం. సైన్యంలోనూ అదే వాడేవాళ్లు.

కడిగినాక లైసెన్సు పుస్తకం తెరిచాం. మీరూ చూసుకోండి:

యూఐఎన్ నంబరు ఉందా? లేకపోతే ఆ లైసెన్సు చెల్లదు.

రెన్యువల్ తేదీ దాటిందా? ఇప్పుడు 5 ఏళ్లకు ఒకసారి.

పుస్తకంలో నంబరు, తుపాకి మీది నంబరు ఒకటేనా?

లైసెన్సుదారు చనిపోయి ఉంటే ఆ తుపాకి ఇంట్లో ఉంచుకోకూడదు. స్టేషనులోనో డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోవాలి. వారసులు తమ పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా ఉన్నా, బతికుండగానే వారసుడికి ఇవ్వొచ్చు. 2016 రూల్సులో ఉంది. వారసుడికి 21 ఏళ్లు ఉండాలి.

ఇంకోటి. పంట లైసెన్సు అంటే పందిని కొట్టి తినే లైసెన్సు కాదు. 1972 వన్యప్రాణి చట్టం దానికీ వర్తిస్తుంది. దాదా ఎక్కువగా వట్టి మందు శబ్దానికే వాడాడు.

దాదాకు 70 దాటి చాలా ఏళ్లయింది. బా పేరు మీదికి మార్చను దరఖాస్తు పెట్టాలి, ఇప్పుడు పుట్టపర్తికి పోవాలి. అంతదాకా ఇంట్లో వద్దని దాదానే అన్నాడు. మేము ఇద్దరం ఆయనతో పాటు స్టేషనుకు పోయి జమచేసి వచ్చాం. బస్సులో వచ్చేటప్పుడు ఆయన రసీదు రెండుసార్లు తీసి చూసుకున్నాడు.

కాకా ఆ బ్రోకరు నంబరు బ్లాక్ చేశాడు. చేను చుట్టూ పాత చీరలు కట్టాం. సోలార్ కంచెకు సబ్సిడీ వస్తుందేమో అడుగుతున్నాం. పందులు ఇంకా వస్తూనే ఉన్నాయి. కరెంటు తీగ మాత్రం పెట్టం, దానికి మనుషులే పోతున్నారు. మీ వైపు ఏం చేస్తున్నారో కింద రాయండి. ఇంట్లో గోడ మీద పాత తుపాకి ఉన్నోళ్లు ఈ రాత్రే పిల్లలను ఆ కింద నుంచి జరిపి పడుకోబెట్టండి.