పెట్టె సర్దేముందు... కాగితాలు సర్దుకోవాలి!

ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల వెళ్లే బస్సెక్కితే దారి పొడవునా పసుపు చేలు, మక్క చేలు పలకరిస్తాయి. ఊళ్లలోకి వెళ్తే అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది ఇళ్లల్లో భర్తో, కొడుకో, మరిదో ఎడారి దేశంలో ఉంటారు. ఎక్కడున్నాడని అడిగితే ఒకటే జవాబు... 'దుబాయ్‌ల'! ఉన్నది మస్కట్ అయినా, కువైట్ అయినా, సౌదీ అయినా ఈ ఊళ్ల మాటలో అంతా దుబాయే.

1970లలో చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో రోడ్లు, భవనాల పనులు ఊపందుకున్నప్పుడు మొదలైంది ఈ వలస. అంతకుముందు ఇక్కడివాళ్లకు వలసంటే బొంబాయి, భివండీ. గల్ఫ్‌కు వెళ్లాలన్నా ఒకప్పుడు బొంబాయి చేరి, అక్కడి ఏజెంట్ల చుట్టూ తిరిగి విమానం ఎక్కేవారు. ఇప్పుడు శంషాబాద్‌లో ఎక్కితే దాదాపు నాలుగు గంటల్లో దుబాయ్‌లో దిగొచ్చు. ప్రయాణం సులువైంది. కానీ ఆ ప్రయాణం ఇంటిని నిలబెడుతుందా, అప్పుల్లో ముంచుతుందా అన్నది చాలావరకు విమానం ఎక్కకముందే, ఊళ్లోనే తేలిపోతుంది!

ఒక ఊరు... రెండు లోకాలు

దుబాయ్ అనగానే 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా గుర్తొస్తుంది. సెలవు రోజున పనివాళ్లకు దొరికే దుబాయ్ మాత్రం వేరు. ఊరి మధ్యలో సముద్రపు పాయ, దాన్ని దాటించే 'అబ్రా' అనే చెక్క పడవ. టికెట్ ఒక్క దిర్హం. ఇవతల బర్ దుబాయ్‌లో మీనా బజార్, అవతల దేరాలో బంగారం బజార్. చూడటానికి పైసా ఖర్చులేదు కాబట్టి చాలామంది చూసే వస్తారు.

వాళ్లుండేది షార్జా వైపు ఊరి చివర్లో. అధికారిక పేరు ముహైస్నా 2. కానీ అందరికీ తెలిసింది సోనాపూర్ అనే! సోనాపూర్ అంటే బంగారు ఊరు. అక్కడున్నవి మాత్రం లేబర్ క్యాంపులు... వరుసగా భవనాలు, గదుల్లో ఒకదానిపై ఒకటిగా మంచాలు, అందరికీ కలిపి వంటిళ్లు. తెల్లవారకముందే కంపెనీ బస్సులు బయల్దేరతాయి. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అందుకే జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది.

ఇలాంటి రక్షణలు అక్కడ చాలానే ఉన్నాయి. కంపెనీ జీతాన్ని బ్యాంకు లేదా గుర్తింపు ఉన్న సంస్థ ద్వారానే చెల్లించాలన్న విధానం 2009లో వచ్చింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని... ఆపై చేస్తే అదనపు డబ్బు ఇవ్వాలి. కార్మికుడి పాస్‌పోర్టును యజమాని దగ్గర ఉంచుకోకూడదు. అయితే ఇవన్నీ వర్తించాలంటే పేరు ముందు అక్కడి రికార్డుల్లోకి ఎక్కాలి!

విజిట్ వీసా... అసలు చిక్కు

'ముందు విజిట్ వీసా మీద వచ్చెయ్, అక్కడికొచ్చాక మార్పిస్తా...' ఏజెంట్లు ఎక్కువగా చెప్పే మాట ఇది. విజిట్ వీసా అంటే చూసి రావడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. దానిమీద పనిచేయడం అక్కడ నేరం. జీతం ఇవ్వకపోతే అడగడానికి చేతిలో ఒప్పందం ఉండదు. వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హంల జరిమానా పడుతుంది. నెలకు 1,500 దిర్హంలు! హెల్పర్‌గా పనిచేసే ఎందరికో నెల జీతం కూడా అంత ఉండదు.

జరిమానా పేరుకుపోయాక ఇంటికి రావడానికీ దారి ఉండదు. కాగితాల్లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను గల్ఫ్‌లోని మనవాళ్లు 'ఖల్లివెల్లి' అంటారు. ఆ మాట వినడానికి సరదాగా ఉన్నా ఆ బతుకు సరదా కాదు. జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లాలన్నా, ఊళ్లో తండ్రి పోయాడని తెలిసి రావాలన్నా భయమే. ఇలాంటివాళ్ల కోసమే అప్పుడప్పుడూ క్షమాభిక్ష ప్రకటిస్తుంటారు. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ ఆఖరు దాకా అలాంటి అవకాశం ఇచ్చారు. మళ్లీ ఎప్పుడిస్తారో నమ్ముకుని వెళ్లడం మాత్రం కుదరదు.

ఏజెంట్ చేతిలో డబ్బు పెట్టేముందు...

మన దేశంలో 1983లో వచ్చిన వలసల చట్టం రిక్రూటింగ్ ఏజెంట్లకు లైసెన్స్ తప్పనిసరి చేసింది. లైసెన్స్ ఉన్నవాళ్ల జాబితా కేంద్ర ప్రభుత్వ 'ఈ-మైగ్రేట్' వెబ్‌సైట్లో ఉంటుంది. అందులో పేరు లేని మనిషి ఎంత దగ్గరి చుట్టమైనా ఏజెంటు కాడు. లైసెన్స్ ఉన్నవాళ్లు తీసుకోదగ్గ ఫీజుకు మన దగ్గర పెట్టిన పరిమితి 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్‌టీ. పనిలో పెట్టుకునే ఖర్చులు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదని యూఏఈ చట్టం కూడా చెబుతోంది. అయినా లక్షలు అడుగుతున్నారంటే వాళ్లు అమ్ముతున్నదేమిటో ఆలోచించాలి.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా 'ఈసీఆర్' కిందికి వస్తుంది. అలాంటివాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. దాన్ని అడ్డంకి అనుకుని చాలామంది తప్పించుకోవాలని చూస్తారు. నిజానికి అదే రక్షణ. ఆ దారిలో వెళ్తే ఒప్పందం రికార్డవుతుంది, ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వత వైకల్యం కలిగినా పది లక్షల రూపాయలు అందుతాయి. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్ల ఇంటికి అది అందదు.

తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతాయి. ప్రైవేటు ఏజెంట్ గడప తొక్కేముందు అక్కడ అడగడం మంచిది.

అప్పు లెక్క

లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు వడ్డీయే రెండు వేలు, ఏడాదికి 24 వేలు. అసలు అలాగే ఉంటుంది! జీతంలో తిండికి, ఫోన్‌కు, చిల్లర ఖర్చులకు పోగా మిగిలేదెంతో ముందే కాగితం మీద రాసుకోవాలి. ఇల్లు గడవడానికెంత, అప్పు తీర్చడానికెంత... ఆ రెండూ పోయాక మొదటి ఏడాది ఏమీ మిగలకపోతే ఆశ్చర్యం లేదు. అందుకే భార్యాభర్తలిద్దరూ కూర్చుని వేయాల్సిన లెక్క ఇది. ఎందుకంటే అక్కడ జీతం ఆగితే ఇక్కడ బీడీల కూలీతో వడ్డీ కట్టాల్సింది ఆమే!

ఒప్పందంలో మొత్తం జీతం కన్నా 'బేసిక్' ఎంతో ముఖ్యంగా చూసుకోవాలి. ఏడాది దాటి పనిచేసినవాళ్లకు మానేసి వచ్చేటప్పుడు గ్రాట్యుటీ వస్తుంది. మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం చొప్పున లెక్కగడతారు. బేసిక్ తక్కువ చూపి మిగతాది అలవెన్సుల కింద రాస్తే తిరిగొచ్చే రోజున చేతికొచ్చేదీ తగ్గిపోతుంది.

ఇంట్లో ఓ సంచి

ఊరగాయ, కారప్పొడి, కొత్త దుప్పటి... పెట్టెలోకి వెళ్లేవి ఎన్నో. వాటితోపాటు ఇంట్లో ఉంచాల్సినవీ కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా కాగితాల జిరాక్సులు, కంపెనీ పేరు, క్యాంపు చిరునామా, ఏజెంట్‌కు ఇచ్చిన డబ్బుకు రసీదు. అన్నీ ఓ సంచిలో పెట్టి ఇంట్లోవాళ్లకు చూపించాలి. యూఏఈలో ఆపద వస్తే ఫోన్ చేయడానికి అక్కడి భారత కార్యాలయం ఏర్పాటు చేసిన ఉచిత నంబరు 800 46342. అది వెళ్లేవాళ్ల జేబులోనూ ఉండాలి, ఆ సంచిలోనూ ఉండాలి.

మనిషి ఆపదలో పడ్డాక అధికారుల దగ్గరకు పరుగెత్తే ఇల్లాలిని మొదట అడిగేది 'ఏ కంపెనీ, ఏ వీసా?' అనే. జవాబు ఆ సంచిలో ఉంటే సాయం అక్కడి నుంచే మొదలవుతుంది.